వదినకు చెప్పని మాట

మేముండే పరాయి రాష్ట్రంలో, ఖిదిర్‌పూర్ వెళ్లే సిటీ బస్సులో, నేను మా అమ్మాయితో తెలుగులో మాట్లాడడం విని పక్క సీటులోని పెద్దావిడ పలకరించింది. ఒళ్లో ఆసుపత్రి కాగితాలున్నాయి.

"నాకు గర్భసంచి మూతికి కేన్సరట. ముట్లు ఆగిపోయేక మళ్లీ రక్తం అగుపించినాది. సిగ్గుపడి ఎవులికీ సెప్పలేదమ్మా. నువ్వు బాగున్నప్పుడే పరీచ్చ సేయించుకో. మీ ఇంట్లో ఆడోళ్లకీ సెప్పు," అంది.

ఎదురుగా మగవాళ్లు నిలబడి ఉన్నారని నేను తల దించుకున్నాను. ఆవిడ ఏక్‌బాల్‌పూర్‌లో దిగిపోయింది.

వారం తిరక్కుండా పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తడానికి సిగ్గేసింది.

మూడేళ్లకి మా వదినకి అదే జబ్బు బయటపడింది. అప్పటికే ముదిరిపోయింది. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుంటే, "ఇలాటి పరీచ్చ ఒకటుందని మనకెవులైనా సెప్పుంటే బాగున్ను కదమ్మా," అంది.

అవునన్నాను.