గుణకంలో మిగిలిపోయిన అమావాస్యలు

రిటైర్మెంటుకు మూడేళ్లు ఉందనగా, ఒక మాఘమాసంలో, రొయ్యల రైతులకు మేత సలహాలిచ్చి, పంట కొనే ఒక ప్రైవేటు సంస్థ నెల్లూరు ఆఫీసులో డేటాబేస్ అడ్మినిస్ట్రేటరుగా చేరాను. హోదా వినడానికి పెద్దదే గాని, పని మాత్రం గోడౌను తాళాలు పట్టుకునే గుమస్తా పని. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ సరుకు ఏ అరలో ఉంది, ఏదైనా పోతే మళ్లీ ఎక్కణ్నించి తేవాలి అని చూసుకోవడం. కావలి బజారులో మా నాన్న బట్టల కొట్లో గల్లా పక్కన పెరిగినదాన్ని కాబట్టి నాకది కొత్తగా అనిపించలేదు. చేరిన రోజే బేరమాడి కుర్చీ మార్పించుకున్నాను. రెండోరోజు ఫ్యాను కింద చోటు సంపాదించాను.

అక్కడి ఏర్పాటు ఇది. సంస్థలో చేరిన ప్రతి రొయ్యల గుంటకూ పట్టికలో ఒక వరుస ఉండేది. గుంట విస్తీర్ణం, రొయ్య పిల్ల వదిలిన తేదీ, రొయ్య సగటు బరువు, ఆ చివర ‘గుణకం’ అని ఒక అంకె. వయసునూ బరువునూ బట్టి వచ్చిన మేతను కంప్యూటరు ఆ గుణకంతో హెచ్చవేసి, ఇవాళ ఇన్ని కిలోలు వేయండని పొద్దున్నే రైతు ఫోనుకు సందేశం పంపేది. గుణకం ఒకటైతే లెక్క ప్రకారం మేత. నీరు బాగుంటే ఫీల్డ్ టెక్నీషియన్ దాన్ని కొంచెం పెంచుతాడు, బాగలేకపోతే తగ్గిస్తాడు. ఏ రెండు గుంటల గుణకమూ ఒకటిగా ఉండాలని లేదు.

దీనికి తోడు చంద్రుడి సంగతి ఒకటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్యలు గుంపుగా పెంకు వదులుతాయి. కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తటి ఒంటితో, నిద్రలో ఉన్నట్టు అడుగున పడి ఉంటాయి. మేత ముట్టవు. వేస్తే అడుగున కుళ్లుతుంది. అందుకని ఆ రెండు మూడు రోజులు మేత తగ్గించడం ఈ తీరంలో అలవాటు. అంతకుముందు టెక్నీషియన్లు ఆ మాట ఒక్కో రైతుకూ ఫోనులో చెప్పేవారు. ఆ సీజను నుంచే ఆ పని కంప్యూటరుకు అప్పగించారు. ఆక్వా విభాగం రాసిచ్చిన ఆదేశం రెండు ముక్కలు: ఆ తిథులకు ముప్పై శాతం తగ్గించాలి, మూడో రోజున ముప్పై శాతం పెంచాలి. ప్రోగ్రామరు అలాగే రాశాడు. ఆ తిథి రాగానే ఒక్క ఆదేశంతో పట్టికలోని గుణకాలన్నీ కలిసి తగ్గేవి, మూడో రోజున కలిసి పెరిగేవి. మా వృత్తిలో దీన్ని బల్క్ అప్‌డేట్ అంటారు. చదివిన వాళ్లెవరికీ అందులో తప్పు కనబడలేదు.

నేను చేరిన వారంలోనే, పౌర్ణమి వెళ్లిన నాలుగైదు రోజులకు, మస్తాన్ అనే ఫీల్డ్ టెక్నీషియన్ సముద్రం వైపు బయలుదేరుతుంటే నేనూ జీపెక్కాను.

“అక్కడంతా బురద మేడం, మీకెందుకు?” అన్నాడు.

గుంట చూడకుండా గుంట లెక్కలు ఎలా తెలుస్తాయని గంభీరంగా జవాబిచ్చాను. అసలు సంగతి, ఆ రోజు ఒక గుంటలో రొయ్యల పట్టుబడి ఉంది. వల లాగిన చోట, గట్టు మీదే రొయ్యలు బేరమాడితే బజారులో సగానికి వస్తాయని నా ఆశ. లాప్‌టాప్ సంచిలో ఒక స్టీలు డబ్బా కూడా పెట్టుకున్నాను.

కోవూరు దాటాక వరి మళ్లు, ఆ తర్వాత సరుగుడు తోటలు, ఆ పైన మంచు. నేల ఎక్కడ ఆగి నీరు ఎక్కడ మొదలైందో తెలియలేదు. గుంటలన్నీ పొగ కమ్మిన అద్దాల్లా పరుచుకుని ఉన్నాయి. నీటికి గాలి పట్టించే ఏరేటర్ల రెక్కలు గుంటల్ని చిలుకుతుంటే ఆ చప్పుడు మంచులోంచి ఎవరో దూరాన బట్టలు ఉతుకుతున్నట్టు వినిపించేది. సముద్రం కనిపించలేదు గాని గాలి ఉప్పగా పెదాలకు తగిలింది. లోకమంతా ఇంకా పెంకు గట్టిపడకుండా మెత్తగా పడుకుని ఉన్నట్టు తోచింది.

గుంట పెంచలయ్యది. కౌలుకు తీసుకున్నాడు. అంతకుముందు రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే గుంట వదిలేసి ఊరు దాటాల్సిందేనని దారిలో మస్తాన్ చెప్పాడు. వల లాగే మనుషులు అప్పటికే గట్టు మీద బీడీలు కాలుస్తున్నారు. ఐసు లారీ దారిలో ఉంది. రొయ్య ఎదగడం లేదు కనుక జబ్బేనని మస్తాన్ అనుమానం. జబ్బయితే ఒక్క రోజు ఆగినా గుంటంతా చచ్చి తేలిపోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఇవాళే పట్టేయాలి.

పెంచలయ్య నా చేతిలో ఒక రొయ్యను పెట్టాడు. నేను అలవాటుగా మొహం చిట్లించాను. ఇంత చిన్నవాటికి బజారు ధర చెబితే ఎట్టా అన్నాను.

“బేరం తరవాతమ్మా, ముందు దాని మొహం చూడండి,” అన్నాడు. “రెండున్నర నెలల పిల్ల నెలన్నర దాని మాదిరుండాది. ఆ పక్క గుంట మా బావమరిది రమణయ్యది. అదే సీడు, అదే కాలవ నీళ్లు, ఒకే రోజు వదిలినాం. వాడివి చేతినిండా ఉండాయి. నా గుంటకేం దిష్టి తగిలిందో!”

“చెక్ ట్రేలు బాగానే ఉన్నాయి మేడం,” అన్నాడు మస్తాన్. చెక్ ట్రే అంటే మేత తింటున్నాయో లేదో చూడడానికి కొంచెం మేత పెట్టి నీళ్లలోకి దించే వల పళ్లెం. “ఎప్పుడు లేపినా ఖాళీ. మేత వృథా లేదని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా. తింటున్నాయి, ఒంటబట్టడం లేదు. అది జబ్బు లక్షణమే.”

“ఖాళీ ఏందబ్బా, నాకేసినట్టుంటాయి!” అన్నాడు పెంచలయ్య. “ఇంకో రెండు కిలోలు ఏద్దామంటే వద్దంటివి గదా. ఫోనులో వచ్చినంతే ఏస్తేనే సరుకు కొంటామని మీ వాళ్లే కాయితం రాయించుకున్నారే!”

పక్కపక్క కొట్లలో ఒకే తాను గుడ్డకు రెండు ధరలుంటే కొనేవాడికి రాకపోయినా, అమ్మేవాడి బిడ్డకు అనుమానం వస్తుంది. రమణయ్య మన పథకంలో ఎప్పుడు చేరాడని అడిగాను.

“మొన్న పౌర్ణమికి ముందే మేడం. ఫోను కొనేదాకా గమ్మునున్నాడు,” అన్నాడు మస్తాన్.

పెంచలయ్య చేరి రెండు నెలలైంది. జీపు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచి రెండు గుంటల వరుసలు తీశాను. రమణయ్య గుణకం సున్నా పాయింటు తొంభై ఒకటి. పెంచలయ్యది అరవై తొమ్మిదికి కొంచెం తక్కువ.

తొంభై ఒకటి మా ఇంట్లో ఒక తిట్టు. పండగ ముందు మా కొట్లో కొత్త సేల్స్‌మన్ ఒకడు చీరల ధరలన్నీ ముప్పై శాతం పెంచి, ఆ పైన ముప్పై శాతం తగ్గింపు అని బోర్డు పెట్టాడు. పెంచిందీ తగ్గించిందీ ఒకటే గదా, మన ధర మనకొస్తుందని వాడి తెలివి. నూరు నూట ముప్పై అయింది. నూట ముప్పైలో ముప్పై శాతం ముప్పై తొమ్మిది. మిగిలింది తొంభై ఒకటి. ఆ రోజు నుంచి మా నాన్న వాణ్ని పేరు పెట్టి పిలవలేదు. “ఒరే తొంభై ఒకటీ, ఆ తాను తియ్యి,” అనేవాడు. 

ఇక్కడ ముందు తగ్గించి తర్వాత పెంచారు. చేరేది మాత్రం అక్కడికే. నూరు డెబ్బై అయితే, ఆ డెబ్బైలో ముప్పై శాతం ఇరవై ఒకటే. గుణకం మళ్లీ ఒకటికి రాదు. తర్వాతి తిథికి ఆ తొంభై ఒకటి మీదే మళ్లీ కోత. ఆకాశంలో చంద్రుడు తగ్గి మళ్లీ నిండుతున్నాడు. మా పట్టికలో చంద్రుడు తగ్గుతున్నాడు గాని పూర్తిగా నిండడం లేదు. పెంచలయ్య గుంట నాలుగు తిథులు చూసింది. రమణయ్యది ఒక్కటే చూసింది.

మస్తాన్‌తో ఈ మాట చెప్పి, పట్టుబడి ఆపమన్నాను. అతను తెలివైనవాడు, వెంటనే అర్థం చేసుకున్నాడు, కానీ ఒప్పుకోలేదు. “లెక్క తప్పయినా జబ్బు లేదని ఎట్టా చెప్తారు మేడం? రెండూ ఉండొచ్చు గదా. ఆపినాక తెల్లారేసరికి చస్తే పెంచలయ్యకు ఎవరు జవాబు చెప్తారు?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. పెంచలయ్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

చివరికి మస్తానే దారి చెప్పాడు. తెల్లారేసరికి చచ్చే జబ్బయితే రొయ్య కొంచెం మేత కొరికినా, ఎక్కువ పెడితే మిగులుస్తుంది. ఆకలి రొయ్య ఆగదు. ట్రేలలో మామూలు కన్నా బాగా ఎక్కువ మేత పెట్టి నాలుగు మూలలా దించాడు. తినడానికి ఇవ్వవలసిన వ్యవధి ఇచ్చి లేపుతానన్నాడు.

 మంచు నెమ్మదిగా పలచబడింది. కొంగ ఒకటి గట్టు చివర నిలబడి నీళ్లలో తన నీడను చూసుకుంటోంది. ఆ బూడిదరంగు నీటి కింద వేలకు వేల ప్రాణాలు మేం పంపిన అంకెను తింటున్నాయని, ఆ అంకె నెలకు రెండుసార్లు చిక్కిపోయిందని అప్పుడు తట్టింది. నేను అంతవరకూ అంకెల్ని అంకెలుగానే చూశాను.

మొదటి ట్రే లేచింది. గింజ లేదు. రెండోదీ అంతే. మస్తాన్ ఒక రొయ్యను వెలుగుకు ఎత్తి పట్టాడు. గాజులాంటి ఆ ఒంట్లో తల నుంచి తోక దాకా నల్లటి గీత, తెగకుండా. కడుపు నిండిన గుర్తు.

“వల చుట్టేయండ్రా,” అన్నాడు మస్తాన్. వల మనుషులు గొణిగారు. పెంచలయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, “ఆకలికి ఏడుస్తుంటే రోగమంటిరే, నా తండ్రీ!” అన్నాడు. అది తిట్టో నిట్టూర్పో మస్తాన్ అడగలేదు. నేను ఖాళీ డబ్బాతో జీపెక్కాను.

సరిదిద్దడం అనుకున్నంత తేలిక కాలేదు. అన్ని గుణకాలనూ ఒకేసారి ఒకటి చేద్దామని పైఅధికారి అన్నారు. కుదరదన్నాను. మధ్యలో కొందరు టెక్నీషియన్లు ఖాళీ ట్రేలు చూసి తమ చేత్తో పెంచుకున్నారు. అవి గుంట దగ్గర నిలబడి మార్చిన అంకెలు, వాటిని తుడిచేయకూడదు. ముందు పట్టిక మొత్తానికి నకలు తీసి పక్కన పెట్టాను. మార్పుల చరిత్రలోంచి కంప్యూటరు చేసినవి తీసేసి, మనుషులు చేసినవి వరుసగా ఉంచి, ప్రతి గుంట గుణకాన్నీ కొత్తగా కట్టాను. మార్చబోయే వరుసల్ని ముందు చూసుకుని, ఆ తర్వాత మార్చి, టెక్నీషియన్లు తమ గుంటలు సరిచూశాకే ఖాయం చేశాను. మేతనూ ఒక్కసారిగా పెంచలేదు. ఆకలి గుంటలో కుమ్మరిస్తే నీరు చెడుతుందని మస్తాన్ రోజురోజుకూ కొంచెం చొప్పున పెంచాడు.

పెంచలయ్య ఉగాది దాటాక పట్టాడు. రమణయ్య రొయ్యంత కాలేదు. పోయిన ఎదుగుదల పూర్తిగా రాదు. కానీ కౌలు వదలలేదు, తర్వాతి పంటకు గుంట ఎండబెట్టాడు. ఆ రోజు నేను మళ్లీ డబ్బా తీసుకుని వెళ్లాను.

“అప్పుడు చిన్నవని బేరమాడితివి గదక్కా,” అన్నాడు. “ఇప్పుడు పెద్దవి. రేటు పెంచినా.”

ఎంత శాతమని అడగబోయి ఊరుకున్నాను. నా జీవితంలో బేరమాడకుండా కొన్న రొయ్యలు అవే.

ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నది చెప్పి ముగిస్తాను. వచ్చిపోయే మార్పును అసలు అంకెలో కలపకూడదు. దానికి పట్టికలో వేరే గడి ఇవ్వాలి, సందేశం పంపే వేళ మాత్రమే రెంటినీ హెచ్చవేయాలి. తగ్గించిన శాతంతోనే పెంచితే మొదటి చోటికి రాము. నేను రిటైరయ్యేనాటికి ఆ పట్టికలో చంద్రుడికి ఒక గడి ఉంది. తిథి రోజున అది తగ్గుతుంది, మూడో రోజున ఒకటికి వస్తుంది. గుంట గుణకం మాత్రం గట్టు మీద నిలబడి ట్రే లేపి చూసిన మనిషి మార్చితే తప్ప మారదు.