పోశవ్వ చిక్కుడు తీగ

పక్క పొలంలో గడ్డి మందు కొడుతున్నారు. కిటికీలోంచి ఆ ఘాటు వాసన రాగానే, ఈ వయసులోనూ నా నాలుక ఉన్న నాలుగు పళ్ళను తడుముకుంటుంది. ఊరు ఊరంతా కలిసి పోశవ్వ పళ్ళు పీకబోయిన రోజు కళ్ళముందుకొస్తుంది.

పోశవ్వది మా పక్కిల్లు. భర్త పోయాక కలుపు కూలితో బతికేది. నేను చిన్నవ్వా అని పిలిచేవాణ్ణి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళైంది. జమ్మికుంట దగ్గరి మా ఊరికి కలుపును చంపే గడ్డి మందు రావడం అదే మొదలు. పటేలు దాన్ని తన వరిలో కొట్టించి, అదే పంపును పత్తికి పురుగుల మందు కొట్టుకోమని మాకు కిరాయికిచ్చాడు. వారం తిరక్కముందే మా పత్తి వింతగా మారింది. ఆకులు కప్ప కాళ్ళలా సన్నగా చీలాయి, కాండాలు మెలితిరిగాయి. ఎండిపోతే ఏడ్చి ఊరుకునేవాళ్ళం. అవి చావకుండా పిచ్చిగా పెరుగుతుంటే వణికిపోయాం. ఎవరో బాణామతి, చేతబడి అన్నారు. మందొచ్చి కూలి పోయిందని పోశవ్వ పటేలు వాకిట్లో శాపనార్థాలు పెట్టడం అందరూ విన్నదే.

పొద్దున్నే ఆమెను గుంజకు కట్టేశారు. మంత్రం పలక్కుండా పళ్ళు పీకాలన్నారు. పటకారు కూడా తెచ్చారు. అడ్డం పోయిన నన్ను "నిన్ను గూడ కడ్తం" అని నెట్టేశారు.

"పటేలా, జర ఆగు," అంది పోశవ్వ. "నీ వరిల కలుపు సచ్చేముందు గిట్లనే మెలిపడ్డది. నేను సూసిన. నీ పంపు పోని చేన్ల పత్తి మంచిగనే ఉన్నది గదా?"

"పంపు కడిగే ఇచ్చిన. నోరు ముయ్యి."

"కడిగితే ఫికరేంది? గా పంపుల నీళ్ళు పోసి నా చిక్కుడు తీగ మీద కొట్టుండ్రి. పొద్దుగూకేదాంక సూడుండ్రి. తీగ వంగకపోతే పీకుండ్రి."

"ముసల్ది కూర గూడ పోగొట్టుకుంటది," అని ఎవరో నవ్వారు.

"పళ్ళుంటే ఏదన్న నమలచ్చు, కొట్టుండ్రి."

కొట్టారు. మధ్యాహ్నం దాకా తీగ ఉన్నట్టే ఉంది. పోశవ్వ తీగను చూడలేదు, అరుగు మీది పటకారునే చూస్తూ ఉంది. పొద్దు వాలుతుండగా లేత కొస కిందికి వంగి, మెల్లగా మెలిపడింది. కట్లు విప్పారు. తప్పైందని ఒక్కడూ అనలేదు. పటేలు పంపు భుజానేసుకుని వెళ్ళిపోయాడు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

బడి ముఖం చూడని నేను ఆ తీగ ఎందుకు వంగిందో తెలుసుకోవడానికే అక్షరాలు నేర్చుకున్నాను. చివరికి ఒక వ్యవసాయ పుస్తకంలో దొరికింది. ఎటు వంగాలో, ఎంత పెరగాలో మొక్కకు చెప్పే హార్మోన్లు దానిలోపలే పుడతాయట. ఆ గడ్డి మందు వాటిలో ఒకదానికి నకలు. వరి దాన్ని తట్టుకుంటుంది. పత్తి, చిక్కుడు తట్టుకోలేవు. అదుపు తప్పి పెరిగి పాడైపోతాయి. పోశవ్వకు చదివి వినిపించి, "తీగ వంగకుంటే ఏమయ్యేది చిన్నవ్వా?" అన్నాను.

"ఏమైతది బిడ్డా? మంత్రాలు రాని నోరు ఒట్టిగ బోసివోతుండె."

పటేలు పంపును ఇంకొక్కసారి కడిగి ఉంటే తీగ వంగేది కాదు. ఏ తప్పూ చేయని ఆమె పళ్ళు పీకేసేవాళ్ళు. నిందపడ్డ మనిషిని రుజువు చూపమంటారేమయ్యా? నేనైతే వేలెత్తినవాణ్ణే అడుగుతాను.