పంచాయితీ ఆఫీసు పచ్చి స్లాబ్

నా చిన్నప్పుడు మాదాపూర్ పక్కన మా ఊరంతా రాళ్లు, మెట్ట చెలకలే. ఇప్పుడక్కడ అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు, నవ్వనీ. మా గ్రామ పంచాయితీకి సొంత ఆఫీసు కూడా లేదు. సర్పంచ్ తాత ఇంటి పశువుల కొట్టంలోనే ఊరి పనులన్నీ నడిచేవి. పాపం, ఆయన ఏండ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగితే ఒక్క గదికి మంజూరు దొరికింది.

ఆ గదికి స్లాబ్ పోసిన మర్నాడే మా నాన్న బావిలో చిక్కుకున్నాడు. ఎండలకు నీళ్లు అడుగంటితే పూడిక తీయడానికి దిగాడు. ఒక పక్క గడ్డ విరిగిపడి ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయాడు. ఊరివాళ్లు తవ్వబోతే పైనుంచి ఇంకా మట్టి జారుతోంది. బిడ్డను దూరం తీసుకుపొమ్మని లోపలి నుంచి నాన్న బతిమాలుతున్నాడు. నేను కదల్లేదు. అమ్మ కూలబడిపోయింది.

మట్టి జారకుండా గుంజలూ చెక్కలూ దన్ను పెట్టాలి. ఊర్లో అన్ని గుంజలు ఒక్కచోటే ఉన్నాయి, కొత్త ఆఫీసు పచ్చి స్లాబ్ కింద. అవి తీస్తే స్లాబ్ మొత్తం కూలుతుందని మేస్త్రి మొత్తుకున్నాడు. పోనీ తీసినా, మనిషి దక్కుతాడన్న నమ్మకం లేదన్నాడు.

"స్లాబ్ మల్ల పోసుకుంటం. గీ మనిషిని యాడికెళ్లి తెస్తవ్? తియ్యి" అని సర్పంచ్ తాతే మొదటి గుంజకు తాడు కట్టి లాగాడు.

లాగినవి లాగినట్టే బండిలో వేసుకుని బావి దగ్గరికి ఉరికారు. వెనక స్లాబ్ కూలిన చప్పుడు మాకూ వినబడింది. ఒక్కరూ అటు తిరిగి చూడలేదు. దన్ను పెట్టారు, గోళ్లు ఊడేలా చేతులతో మట్టి తోడారు. పొద్దుగూకే ముందు నాన్నను పైకి తెచ్చారు. ఊపిరి లేదు.

కర్మలయ్యాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని కొట్టం దగ్గరికి పోయింది. మా వల్ల ఊరి ఆఫీసు పోయిందని సర్పంచ్ తాత ముందు ఏడ్చింది.

"గుంజలు జర జల్ది తీసేదుండె బిడ్డా" అన్నాడు ఆయన.

మళ్లీ స్లాబ్ పడే వరకు పంచాయితీ ఆ కొట్టంలోనే గేదెల పక్కన కూర్చుంది. ఊర్లో తగవులు రాకపోలేదు, మాతోనూ గొడవపడ్డారు. కానీ ఎంత కోపంలోనైనా ఆ స్లాబ్ సంగతి తెచ్చి మమ్మల్ని ఎవరూ ఎత్తిపొడవలేదు. తండ్రి లేకుండా పెరిగాను గానీ, దిక్కులేని పిల్లనని నాకు ఏనాడూ అనిపించలేదు.