పోపు ఎవరిది వాళ్లది

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి సూరత్‌లో బట్ట నేసే సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన ఎండాకాలంలో, మా గల్లీలో పప్పు వండే ఒక గంజు కోసం పెద్ద తగాదా నడిచింది. లాక్‌డౌన్ అంటే మా మనవలకు కథ. మాకు మాత్రం అది ఆకలి. సూరత్‌లోని గోడాదరా పేటలో మా గల్లీకి అటూ ఇటూ కలిపి ఎనిమిది గదులు. సగం తెలంగాణ నుంచి వచ్చిన మా నేతవాళ్లవి, సగం ఒడిశా వాళ్లవి. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే గ్యాస్ సిలిండర్. అది, కందిపప్పు బస్తా, రెండూ ఇంటి ఓనరు తల్లి ఇచ్చినవే. ఆ గుజరాతీ ముసలామెను అందరం బా అని పిలిచేవాళ్లం. అలా గల్లీలో ఒక్కటే పొయ్యి, దాని మీద పెద్ద గంజు, అందరికీ ఒకే పప్పు.

ఆ పప్పు దగ్గరే వచ్చింది చిక్కంతా. బా వండితే బెల్లం పడేది. ఎదురింటి ఒడియా అక్క వండితే ఏవో గింజల వాసన, కారం మాత్రం ఉండేది కాదు. మా అమ్మ వండిన రోజు వాళ్ల పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకునేవారు. మాట మాట పెరిగి, ఎవరి ఊరు గొప్పదన్న దాకా పోయేది. నేను పెద్దవాళ్లకంటే రెండాకులు ఎక్కువే చదివాను. సుద్దముక్కతో గల్లీ మధ్యలో గీత గీసి, ఇటు మాది, అటు మీది అని ఒడియా పిల్లలకు చూపించాను.

ఒక పొద్దున మా నాన్న, అదే మా బాపు, ఇక పొయ్యి వేరు పెట్టుకుందాం, సిలిండర్ ఎవరిదో మధ్యాహ్నం తేల్చుకుందాం అన్నాడు. తెలంగాణ కోసం లాఠీ దెబ్బలు తిన్న మనిషి ఆయన. ఆ గర్వం చివరిదాకా పోలేదు.

"రాష్ట్రాన్నే ఏరు జేసుకున్నం, ఓ గంజును ఏరు జేసుకోలేమా?"

నాకా మాట ఎంత నచ్చిందో! సిలిండర్ ఎటు పోయినా రెండోవైపు నాలుగు గదుల్లో పొయ్యి వెలగదని నాకు తెలుసు. అయినా సంబరపడ్డాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

బాపును కన్న మా బాపమ్మ కాదనలేదు. ఇవ్వాళ వంట నాది అని మాత్రం అంది. తర్వాత గుట్టుగా ముగ్గురి దగ్గరికీ విడివిడిగా పోయింది. వచ్చీరాని హిందీలో బాకు, ఒడియా అక్కకు, తెలుగులో మా అమ్మకు ఒకటే మాట చెప్పింది: ఇవ్వాళ పప్పు నీ పద్ధతిలోనే, నీ గరిటె, నీ సామాను తెచ్చుకో.

మధ్యాహ్నం ముగ్గురూ తమ పంతమే నెగ్గిందన్న ధీమాతో వచ్చారు. బా చేతిలో బెల్లం, ఇంగువ. అక్క కొంగులో ఆ గింజలు. అమ్మ దగ్గర ఎల్లిపాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు రసం. ఒకరినొకరు చూసుకుని నోళ్లు వెళ్లబెట్టారు. గంజులో పప్పు ఉప్పు, పసుపుతోనే ఉడికి ఉంది. బాపు కస్సుమన్నాడు. బాపమ్మ సిలిండర్‌ను ఆనుకుని చతికిలబడింది.

"రాష్ట్రం ఏరైంది నిజమే. మరి దేశంల నుంచి ఏరు పడ్డమా బిడ్డా? పోపు ఎవలది వాళ్లు పెట్టుకోండ్రి. పొయ్యి మాత్రం అందరిది. ఈడికెంచి నన్ను లేపుడు నీతోని కాదు."

నిజంగానే కాలేదు. ఆమె నన్ను పిలిచి, గీత చెరిపించి, మనుషులు ఎడంగా నిలబడేందుకు సున్నాలు గీయమంది. ఒక్కో ఇంటికి ఒక సున్నా. అందరూ తమ గిన్నెల్లో పప్పు పోయించుకుని, వంతు వచ్చినప్పుడు అదే మంట మీద గరిటె పెట్టి తమ పోపు వేసుకున్నారు. ఒడియా అక్క నా గిన్నెలో తన పప్పు ఒక గరిటెడు పోసింది. అబద్ధం ఎందుకు, నాకది నచ్చలేదు. ఇప్పటికీ ఆ వాసన పడదు. నచ్చనంత మాత్రాన పొయ్యి విడగొట్టనక్కర్లేదని మాత్రం ఆ రోజే తెలిసింది.

బాపు గొణుగుడు మానలేదు. కానీ వారం తిరిగి సిలిండర్ ఖాళీ అయితే, కొత్తదాన్ని ఎక్కడి నుంచో భుజాన మోసుకొచ్చింది ఆయనే. సాంచెలు మళ్లీ ఆడేదాకా ఆ పొయ్యి మూతపడలేదు.

మీది ఏ ఊరని ఎవరడిగినా నేను తెలంగాణ అంటాను, ఆ వెంటనే సూరత్ అంటాను. తడుముకోను. మా ఇంట్లో ఇప్పటికీ పప్పు ఉడికాక, పోపు పెట్టే ముందు ఒక గిన్నెడు తీసి పక్కన పెడతాను. ఎవరొస్తారో, వాళ్ల పోపు ఏదో.