కానుగ నూనె సర్టిఫికెట్

ఈ సంగతి రాసిపెట్టడానికి కారణం ఒక సేవా సంస్థ వార్షిక నివేదిక. విడుదలైన ఖైదీలకు బయోడీజిల్ తయారీలో శిక్షణ విజయవంతంగా పూర్తయిందని అందులో ఒక్క వాక్యం ఉంది. పక్కన ఫొటో. ఫొటోలో ఒక అధికారి, ఒక జనరేటర్, శాలువా కప్పుకున్న నేను ఉన్నాం. ఖైదీలు లేరు. జనరేటర్‌లో బయోడీజిల్ కూడా లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లలో రాసే అలవాటు నాకొక్కడికే ఉంది కాబట్టి ఈ భారం నా మీద పడింది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీలో స్టోర్ గుమాస్తాగా చేసేవాణ్ణి. సెలవు దొరికితే బస్సెక్కి సంగారెడ్డి గ్రంథాలయానికి వెళ్లి, తలుపులు మూసేదాకా చదివేవాణ్ణి. రసాయన శాస్త్రం అల్మారా మొత్తం పూర్తి చేశాను. అందులో ఉన్నవి పదకొండు పుస్తకాలేనన్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఒకరోజు ఇస్నాపూర్‌లో టీ కొట్టు దగ్గర కానుగ గింజల నుంచి డీజిల్ ఎలా వస్తుందో నలుగురికి చెబుతుంటే ఆ సంస్థ కార్యదర్శి విన్నాడు. అప్పట్లో బయోడీజిల్ అంటే అందరికీ మోజు. రోడ్ల పక్కన కానుగ మొక్కలు నాటించేవారు. దాన్ని తయారుచేసే కంపెనీ మా చుట్టుపక్కల ఒక్కటీ లేకపోవడం శిక్షణకు ఏమాత్రం అడ్డు కాలేదు. ఆయనకు ఒక సారు కావాలి, నాకొక నల్లబల్ల కావాలి. కుదిరిపోయింది.

మూతపడ్డ కంపెనీ రేకుల షెడ్డులో తరగతి. ఆరుగురు విద్యార్థులు. ఐదుగురు మధ్యాహ్నం భోజనం కోసం వచ్చారు, ఆ మాట దాచలేదు కూడా. ఆరో ఆయన యాభై దాటిన రైతు. పొలం గట్టు మీద కొట్లాటలో ఆయన చెయ్యి చేసుకుంటే అవతలివాడు మళ్లీ లేవలేదు. పదేళ్లు సెంట్రల్ జైల్లో ఉండి వచ్చాడు. భార్య చిట్కుల్‌లో తమ్ముడింట్లో ఉంటోంది. ఆ బామ్మర్ది ఒకటే మాట పట్టుకున్నాడు: "కంపెనీ గేటు పాసు తెచ్చి సూపెట్టు బావా, గప్పుడు అక్కను తోల్కపో." ఆ పాసు కోసమే ఆయన రోజూ అందరికంటే ముందు వచ్చి షెడ్డు ఊడ్చేవాడు.

కానుగ నూనెలో కాస్టిక్ సోడా కలిపిన మిథనాల్ పోసి తిప్పితే డీజిల్ పైకి తేలి, జిగట అడుగుకు చేరుతుంది. పుస్తకంలో ఇది అరపేజీ. మొదటి డ్రమ్ము మూత తీయగానే ఆయన వంగి వాసన చూశాడు.

"సార్, గీ నూనె పుల్లగైంది. నీళ్లు గూడ ఉన్నయి. దీంట్ల కాస్టిక్ ఏస్తే సబ్బైతది."

"నీకెలా తెలుసు?"

"పదేండ్లు గదే పని సార్. జైల్ల అందరు రుద్దుకున్న సబ్బు నేను జేసిందే."

నేను పేజీ తెరిచి చూపించాను. పుల్లటి నూనె అన్న మాటే అందులో లేదు.

"పుస్తకానికి ముక్కుంటదా సార్?" అన్నాడు వెనక నుంచి భోజనం బృందంలో ఒకడు.

ఆ మాటను అవమానంగా తీసుకుని కాస్టిక్ పోయించాను. గంటలో డ్రమ్ము నిండా జావ. కలిపే కర్ర దాని మధ్యలో నిటారుగా నిలబడింది. మర్నాడే ఒక అధికారి చేతుల మీదుగా బయోడీజిల్ జనరేటర్ ప్రారంభోత్సవం.

కార్యదర్శి పరేషాన్ కాలేదు. "జనరేటర్ తిరిగితే సాలు. దేంతోని తిరిగిందో ఎవరు చూస్తరు సార్?" అంటూ పెట్రోల్ బంకుకు డబ్బా పంపాడు. అధికారి వచ్చి వేలు ముంచి వాసన చూసి, "అచ్చం డీజిల్ లాగే ఉందే!" అని ఆశ్చర్యపోయాడు. అంత నిజం ఆ రోజు మరెవరూ మాట్లాడలేదు. ఫొటో తీసేటప్పుడు విద్యార్థులను జర పక్కకు జరగమన్నారు.

తర్వాత తరగతి నడిపింది ఆ రైతే. నూనెను చిటపటలు ఆగేదాకా కాచాలి, ముందు గ్లాసెడు నూనెలో పరీక్షించుకోవాలి, పులిసింది పక్కన పెట్టాలి. కొత్త గింజలు ఆడించి రెండో డ్రమ్ము పెట్టాడు. పైన తేనె రంగు డీజిల్, అడుగున నల్లటి జిగట. దాంతో జనరేటర్ నిజంగా తిరిగింది. ఆ రోజు అధికారి రాలేదు, శాలువా రాలేదు.

సర్టిఫికెట్ మీద వాక్యం మాత్రం నాదే. "కారాగార శిక్ష ముగించుకుని సన్మార్గాన అడుగిడిన ఖైదీల పునరావాసార్థం" అని పైన ఎర్రటి పెద్ద అక్షరాలు. ఆ వాక్యానికి నాకు మూడు ఆదివారాలు పట్టాయి.

వారం తిరగకముందే ఆయన దాన్ని పట్టుకుని మా కంపెనీ గేటు దగ్గరికి వచ్చాడు.

"మూడు కంపెనీలల్ల సూపెట్టిన సార్. వాచ్‌మన్ సదివి లోపటికి ఫోన్ గూడ జేస్తలేడు. మీరు గింత మంచిగ రాసిండ్రు, మొత్తం సమజైతుంది."

"పైభాగం కత్తిరిస్తే?"

"నాలుగో కాడ కత్తిరించే సూపెట్టిన. ఏం కత్తిరించినవని అడిగిండు."

హెడ్డింగు లేకుండా ఇంకొకటి ఇమ్మని కార్యదర్శిని అడిగాను. "గ్రాంటు ఆ హెడ్డింగు మీదనే వచ్చింది సార్. అది తీసేస్తే మనం ఎవరికి నేర్పినట్టు?" అన్నాడు.

అప్పుడు తెల్లకాగితం మీద నేనే రాశాను. ఈయన నూనెను వాసన చూసి తేమ, పులుపు చెప్పగలడు, కాస్టిక్‌తో జాగ్రత్తగా పనిచేస్తాడు, పుస్తకం చూసి నేను పాడుచేసిన పనిని ఈయనే నాకు నేర్పాడు. చదివి వినిపించాను.

"పాడుజేసిన ముచ్చట ఎందుకు సార్? మీకు నామోషీ గాదా?"

"అయితది అన్నా. ఉండనీ."

మా కంపెనీలో కాస్టిక్ ట్యాంకుల దగ్గరికి కూలీలను పెట్టే కాంట్రాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అతను కాగితం చదివి నన్ను చూసి నవ్వాడు, ఆయన్ను చూసి నవ్వలేదు.

"ఇంతకుముందు ఏడ జేసినవ్?"

"సబ్బుల కార్ఖానల సార్."

"ఎందుకు బందువెట్టినవ్?"

"నా టైము అయిపోయింది, పంపిచ్చిండ్రు."

మూడో రోజు గేటు పాసు వచ్చింది. చిట్కుల్‌లో బామ్మర్ది దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఫొటోల జెర నవ్వద్దా బావా?" అన్నాడట. అప్పటికే ఆయన భార్య సంచీ గడప దాటి బయట ఉందట.

ఇలాంటి రచన చివర సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పడం మర్యాద. డబ్బా పంపిన కార్యదర్శికి, డీజిల్‌లో డీజిల్ వాసన పసిగట్టిన అధికారికి, నా తెలుగును ఒక్క అక్షరం పోకుండా అర్థం చేసుకున్న వాచ్‌మన్లకు, పదకొండు పుస్తకాల అల్మారాకు రుణపడి ఉన్నాను. అందరికంటే ముందు, నాకు పని నేర్పిన ఆయన పేరు రాయాలని అనుమతి అడిగాను.

"నా పేరు వద్దు సార్," అన్నాడు. "ఒకపారి సర్టిఫికెట్ మీద రాసిండ్రు. సాలు."

ఆయన పేరు లేని చోట మిగతావాళ్ల పేర్లు నాకూ రాయబుద్ధి కాలేదు.