వదిన తల మీది తీగలు

మా వదిన చంద్రకళను చూడడానికి వచ్చేవాళ్లు కింద మెట్ల దగ్గరే మొహం వేలాడేసుకుని పైకొస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆవిడేమో గడప పక్కన పీట వేసుకుని, పెద్ద పళ్లెంలో పోళీలకు, అంటే ఇక్కడి చపాతీలకు, పిండి కలుపుతూ, "రా, కూసో, చాయ్ తాగుతవా?" అంటుంది. తలకు సన్నటి నూలు రుమాలు. దాని కింద నున్నటి గుండు, గుండు మీద నాలుగు తెల్లటి పట్టీలు. పట్టీల నుంచి వచ్చే తీగలన్నీ వెనక జడలాగా ఒక్కటై, భుజానికి తగిలించుకున్న సంచీలోకి పోతాయి. సంచీలో ఒక డబ్బా, ఒక బ్యాటరీ. "ఇంత రోగం పెట్టుకుని ఎట్లా నవ్వుతుందమ్మా" అని వచ్చినవాళ్లు మెట్లు దిగుతూ గుసగుసలాడుకుంటారు. నవ్వక ఏం చెయ్యాలో అదేదో వాళ్లే చెప్పి పోవచ్చు కదా!

నేను ఆవిడ ఆడబిడ్డను, కౌసల్యను. మా తాతలు పాలమూరు నుంచి కట్టడాల పనికి వచ్చి, ఈ మరాఠీ మహానగరం గోడలకు రాళ్లు మోసి, కామాఠీపురాలోనే ఉండిపోయారు. నా పెనిమిటి పోయాక నేను పుట్టింటికే, అంటే వరసగా ఒంటిగదులుండే ఈ చాల్‌లోని ఈ ఒక్క ఖోలీకే తిరిగొచ్చాను. అన్న అంబాదాస్ ఏమనుకుంటాడోనని మూట పట్టుకుని గుమ్మంలో నిలబడితే, వదిన నా చేతిలో అప్పడాల కర్ర పెట్టి, "ఏడుపు తర్వాత ఏడుద్దువు, ఆర్డర్ టైమైతున్నది" అంది. వదిన వర్లి చాల్ పిల్ల, నోరు గట్టిది. నా నోరు అంతకన్నా గట్టిది. అప్పటి నుంచి ఇద్దరం కలిసి ఖానావళ్లకు, అంటే భోజన హోటళ్లకు, పోళీలు చేసి పంపుతున్నాం. మేం తిట్టుకోని రోజు లేదు, ఒకరు లేకుండా ఇంకొకరం తిన్న రోజూ లేదు.

ఆ పోళీలు ఒత్తుతూనే వదిన పడిపోయింది. అంతకుముందు నుంచే మాటలు తడబడుతుండేవి. ఉప్పు అడగబోయి చెప్పు అడిగేది, మేం నవ్వేవాళ్లం. ఒక పొద్దున చేతిలో కర్ర జారింది, చెయ్యి వణికింది, తర్వాత ఒళ్లంతా వణికింది. స్కాన్ తీస్తే మెదడులో గడ్డ అన్నారు. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, అయింది, మందులు నడుస్తున్నాయి. తీసేసినా మళ్లీ పెరిగే రకం అని డాక్టరు దాచకుండా చెప్పాడు. అన్న కుర్చీలోంచి లేవలేకపోయాడు. వదిన మాత్రం, "మళ్ల పెరగకుండ ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగింది. ఉంది అన్నాడాయన. తల మీద పెట్టుకునే యంత్రం. గడ్డలో ఒక కణం రెండుగా చీలి పెరుగుతుంది కదా, ఆ చీలికకు అడ్డం పడేలా సన్నటి విద్యుత్తు పంపుతుందట. నొప్పి ఉండదు, కొంచెం వెచ్చగా ఉంటుంది. పూర్తిగా పోగొడుతుందని చెప్పలేం, కొందరికి కాలం కలిసొస్తుంది, తల మీద ఎంత ఎక్కువసేపు ఉంటే అంత మంచిది అన్నాడు. దాని భారం అన్న ఆఫీసు ఇన్సూరెన్సు కొంత, ఒక ట్రస్టు కొంత మోస్తున్నాయి.

యంత్రం పెట్టాలంటే గుండు ఉండాలి. ఇక్కడే మా అన్న తన తెలివి చూపించాడు. మొగుడు బతికుండగా ఆడమనిషికి గుండేమిటని చాల్ అంతా అడుగుతుందని భయపడి, తిరుపతి మొక్కు అని చెప్పేశాడు. చాల్ నమ్మింది. నమ్మడమేమిటి, మెచ్చుకుంది! ఆడవాళ్లొచ్చి ప్రసాదం అడిగారు. అన్న మస్జిద్ బందర్ బజారుకు పోయి లడ్డూలు కొనుక్కొచ్చాడు. తిన్నవాళ్లు కళ్లకద్దుకుని తిన్నారు. కానీ మొక్కు జుట్టు అయితే మళ్లీ మొలవాలి కదా! వదిన పట్టీలు మూడు నాలుగు రోజులకొకసారి మార్చాలి, మార్చినప్పుడల్లా తల గీయాలి. నెలలు గడిచినా గుండు గుండులాగే ఉంది. "ఎన్ని మొక్కులే నీకు?" అని కుళాయి దగ్గర అడిగారు. మా చాల్ పెద్దావిడ లక్ష్మవ్వ అయితే వదినకు ఒంటి మీదికి అమ్మవారు వస్తున్నదనే తేల్చేసింది. ఒకరోజు వదిన ఆవిడ ఖోలీలో కూర్చున్నప్పుడు బ్యాటరీ అయిపోయి సంచీ కూయడం మొదలుపెట్టింది. లక్ష్మవ్వ రెండు చేతులూ జోడించి లేచి, పసుపు కుంకుమ తెచ్చి ఆ సంచీకి బొట్టు పెట్టింది.

వదిన ఇంటికొచ్చి అన్నను చీల్చి చెండాడింది. "నాకేమన్న దొంగరోగమా దాచనీకి? ముసలామె నన్ను చూసి దండం పెడుతున్నది, నాకు సిగ్గైతున్నది!" ఆ సాయంత్రం గదుల ముందరి గ్యాలరీలోకి పోయి, ఆడవాళ్లంతా నీళ్లు పట్టుకునే వేళ, రుమాలు విప్పేసింది. పట్టీలు చూపించింది, తీగలు చూపించింది. "మొక్కు లేదు, అమ్మవారు లేదు. తలల గడ్డ ఉన్నది. ఇది దాని మందు. పోరగాళ్లు వైర్లు గుంజకుండ చూసుకోండ్రి, అంతే" అంది. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కుళాయి కట్టలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం దగ్గరకొచ్చి, నొప్పి పెడుతుందా అని మరాఠీలో అడిగింది. "లేదు, నేను మొబైల్ లెక్క. రోజూ ఛార్జింగ్ పెట్టాలె" అంది వదిన. పిల్ల నవ్వింది. ఆ తర్వాత పెద్దవాళ్లూ ఊపిరి తీసుకున్నారు.

గుండు గీసేది నేనే. మంగలిని పిలిస్తే వదిన ముడుచుకుపోయింది. కూతురు సాక్షి కత్తి పట్టనంది. యంత్రం కంపెనీ తరఫున వచ్చిన మరాఠీ అమ్మాయి నాకు నేర్పింది. ముందు పాత పట్టీలు నూనె రాసి మెల్లగా ఊడదీయాలి, తల కడగాలి, గీయాలి, కొత్త పట్టీలను పాత చోటికి కొంచెం పక్కగా అతికించాలి, లేకపోతే చర్మం కందిపోతుంది. లక్ష్మవ్వకు ఇది నచ్చలేదు. మంగళవారమనీ లేదు, శుక్రవారమనీ లేదు, పైగా విధవ చేతితో ముత్తైదువ తలకు కత్తా అని నా ముందే అంది. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ, లోపల భయమూ వేసింది. కత్తి పట్టినప్పుడల్లా నా చేతి వల్ల ఈవిడకేమన్నా అవుతుందా అని దాన్ని రెండుసార్లు కడిగేదాన్ని. వదినేమో కళ్లు మూసుకుని, "మెల్లగనే, కోడి ఈకలు పీకుతున్నవా?" అని ఆటపట్టించేది.

ఇట్లాగే బతుకు సాగుతోంది. వదిన పొయ్యి సెగ దగ్గరకు రాదు, తలకు వేడెక్కితే యంత్రం ఊరుకోదు. పిండి ఆవిడది, పొయ్యి నాది. కూరగాయలకు గ్రాంట్ రోడ్ దాకా నడిచే పోతుంది, ఒక బ్యాటరీ సంచీలో, ఇంకోటి కూరగాయల సంచీలో మెంతికూర పక్కన. మాట దొరకనప్పుడు వేలు పెట్టి చూపిస్తుంది. అలసిపోతే పడుకుంటుంది, నేను సణిగినా లేవదు. మొన్నటి స్కాన్‌లో గడ్డ పెరగలేదన్నారు. ఆ రోజు అన్న స్నానాల మోరీలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాడు, మాకు వినబడదనుకున్నాడు పాపం.

ఆషాఢం వచ్చింది. వానలతోపాటు మా పోచమ్మ బోనాలూ వచ్చాయి. మా చాల్‌లో మొదటి బోనం మా ఇంటిది. అమ్మ ఎత్తింది, అమ్మ తర్వాత వదిన ఎత్తింది. మొదటి బోనం ముత్తైదువే ఎత్తాలని ఇక్కడి కట్టుబాటు. ఎత్తేవాళ్లు లేకపోతే ఆ హక్కు వేరే ఇంటికి పోతుంది, పోయింది మళ్లీ రాదు. లక్ష్మవ్వ వచ్చి గడపలో కూర్చుంది.

"ఏం చంద్రా, ఈ యేడు ఎట్ల మరి? ఆ పట్టీల మీద కుండ ఎట్ల నిలుస్తది? పక్క ఖోలీ వాళ్లు ఎత్తుతమంటున్నరు."

వదిన పిండి పళ్లెం పక్కకు నెట్టింది. "నేను బతికే ఉన్న కదా అత్తా. అప్పుడే నన్ను పక్కకు జరుపుతరా?" అంది. రోగం వచ్చినప్పటి నుంచి ఆవిడ గొంతు అట్లా పలకడం నేను వినలేదు.

దారి ఒకటుంది. ఆ సాయంత్రం యంత్రం తీసేస్తే సరి. ఫోన్ చేసి అడిగితే, ఒక పూట తీస్తే కొంప మునగదు, మీ ఇష్టం అన్నాడు డాక్టరు. "ఆయీ, ఒక్క దివస్ కదా, తీసెయ్ నా!" అని తల్లిని బతిమాలింది సాక్షి. అన్న కూడా తలూపాడు. అందరికన్నా ఎక్కువగా పోరు పెట్టింది నేనే. కానీ వదిన ఒప్పుకోలేదు.

"ఇది తీసి కుండ ఎత్తితె మీరంత సంబురపడుతరు, నేను సుత పడుత. పండుగొచ్చింది తీసెయ్, పెండ్లొచ్చింది తీసెయ్, ఎండలైతున్నయి తీసెయ్. ఒక్కసారి మొదలైతె ఆగుతదా? నాకు ఈ యేటి బోనం ఒక్కటే కాదు కావల్సింది. వచ్చే యేటిది సుత గావాలె."

"పోచమ్మ తల్లి కన్నా ఆ డబ్బా ఎక్కువైందా నీకు?" అని అరిచాను నేను. చేతిలో ఉన్న పటకారు ఎక్కడ విసిరానో నాకే తెలీదు.

"తల్లికి నా తల తెలుసు. తలల ఏమున్నదో సుత తెలుసు. ఆమెకు చెప్పుకుంట నేను. నీకే చెప్పలేక సస్తున్న" అంది వదిన.

నేను గ్యాలరీలోకి పోయి కటకటాలు పట్టుకుని ఏడ్చాను. నా కోపం డబ్బా మీద కాదు. తీగలు లేకుండా, నెత్తిన కుండతో, మునుపటిలాగా వదిన వీధిలో నడుస్తుంటే ఒక్కసారి చూడాలని నా ఆశ. ఆ ఒక్క సాయంత్రమైనా రోగం లేదనుకుందామని. ఆవిడకేమో అనుకోవడంతో పని లేదు. బతకాలి, అంతే. ఆవిడ చెప్పిందే సరి అని తెలుస్తూనే ఉంది, అయినా దుఃఖం ఆగలేదు.

పండుగ రోజు వదినే కుండకు సున్నం పూసింది, పసుపు బొట్లు పెట్టింది, వేపమండలు కట్టింది. నేను అన్నం వండి ఇచ్చాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. కింద డప్పులు మొదలయ్యాయి. లక్ష్మవ్వ, మిగతా ఆడవాళ్లు గ్యాలరీలో నిలబడ్డారు, పక్క ఖోలీ కోడలు పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. వదిన బయటికి వచ్చింది. యంత్రం సంచీకి వానకు తడవకుండా ప్లాస్టిక్ కవరు, రెండు చేతుల్లో బోనం కుండ. యంత్రం తియ్యలేదు. అందరూ ఆ కుండనే చూస్తున్నారు.

నా ముందుకు వచ్చి ఆగింది. "తల వంచు" అంది.

నాకు అర్థం కాలేదు. కుండ అన్న చేతికిచ్చి, పాత చీరముక్కను చుట్టగా చుట్టి నా నెత్తిన పెట్టింది.

"అరే, అరే! ఏం జేస్తున్నవే?" లక్ష్మవ్వ గాభరాగా ముందుకొచ్చింది. "మొగడు లేని మనిషి మొదటి బోనం ఎత్తుడా? చాల్‌కు మంచిదేనా?"

"అత్తా, నా తలకు ఇన్ని దినాలు కత్తి పట్టింది ఎవలు? కౌసల్య. పట్టీలు అతికింది ఎవలు? కౌసల్య. అది చెడ్డ చెయ్యి అయితె నేనిప్పుడు నీ ముందట నిలబడేదాన్నా?" వదిన మాట తడబడింది, కాసేపు వెతుక్కుంది, మళ్లీ దొరికించుకుంది. "బోనం మా ఇంటిది. నేనున్న. నేను ఎవల నెత్తిన పెడితె వాళ్లు ఎత్తుతరు."

కింద డప్పులు మోగుతూనే ఉన్నాయి. లక్ష్మవ్వ నన్ను చూసింది, వదిన రుమాలును చూసింది. చివరికి కొంగులోంచి అగ్గిపెట్టె తీసి, కుండ మీది దీపం వెలిగించింది. "గాలి ఉన్నది. ఆరనియ్యకు" అంది నాతో, అంతే.

నా పెనిమిటి పోయాక ఏ శుభకార్యంలోనూ ముందు నిలబడని దాన్ని. నెత్తికెక్కిన కుండను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. మెట్లు ఎట్లా దిగానో తెలీదు. సందులోకి వచ్చాం. ముందు డప్పులు, వాటి వెనక నేను, నా వెనక వదిన, ఆవిడ మీద గొడుగు పట్టి సాక్షి. బోనం ఎత్తినవాళ్లు మెడ తిప్పకూడదు, వెనక్కి చూడకూడదు. సన్నగా వాన పడుతోంది. వదిన నడవగలుగుతోందా, కాళ్లు జారుతున్నాయా, ఏమీ తెలీదు నాకు.

గల్లీ మలుపులో ఒక చేతిబండి అడ్డం వచ్చి డప్పులు ఆగాయి. అప్పుడు వినబడింది నాకు, వెనక సంచీ కూత. బీప్, బీప్. సాక్షి "ఆయీ!" అంటోంది. ఎవరో గొడుగు సర్దుతున్నారు. తర్వాత ఆ కూత ఆగిపోయింది. అయితే బ్యాటరీ మార్చారా, ఆవిడ పడిపోయిందా? చప్పుడు లేదు. ముందు బండి తొలగింది, అందరూ నన్ను నడవమంటున్నారు. నా కాళ్లు కదలడం లేదు. మెడ తిప్పకుండానే, దీపం కింద నుంచి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచాను.

"వదినా!"

"ఉన్ననే," అంది వెనక నుంచి. "నువ్వు నడువు."