పడవలో హీటర్ బిగించిన రోజు

బహ్రెయిన్‌లో నన్ను ఎవరైనా హీటర్ బిగించమంటారని కలలో కూడా అనుకోలేదు. మాది ఏసీల పని. క్యాంపు సిత్రాలో, డ్యూటీ ఎక్కువగా సీఫ్‌లో. మాల్స్ సీలింగుల్లో దూరి చల్లగాలి గొట్టాలు కలపడం తప్ప నాకు వేరే విద్య రాదు. అలాంటిది, కిందటి చలికాలం ఫోర్‌మన్ నన్నూ మా బావనూ వ్యానులో తీసుకెళ్లి పడవలు కట్టేసే చోట దింపాడు. అక్కడొక తెరచాప పడవ ఉంది. దాని యజమాని తెల్లాయన. భార్యతో కలిసి యూరప్ దాకా పోతాడట. అక్కడి చలికి కేబిన్‌లో డీజిల్ హీటర్ కావాలని, దాన్ని కూడా తెప్పించుకున్నాడు.

"ఏసీవాళ్లకు ఇదొక పనా? యల్లా భాయ్, కానివ్వండి," అని ఫోర్‌మన్ వెళ్లిపోయాడు.

"దుబాయికచ్చి వేడి పెట్టుడేంది బామ్మర్ది! మనూర్ల చెప్తే నవ్వుతరు," అన్నాడు బావ. మా ఊరివాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

బావ మా అక్క భర్త. నేను రమ్మంటేనే వచ్చాడు, పని కూడా నా దగ్గరే నేర్చుకున్నాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆయన దేనికైనా నవ్వుతాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా మండుతుంది.

హీటర్‌ను పడవ వెనక భాగంలో, సామాన్ పెట్టుకునే అరలో బిగించాం. దాని పొగ ఒక సన్నటి స్టీలు గొట్టంలోంచి పడవ గోడకు పెట్టిన రంధ్రం గుండా బయటికి పోవాలి. హీటర్ వైపు గొట్టానికి క్లాంపు బిగించాను. గోడ వైపు మూల ఇరుకు. బావ చెయ్యి పట్టింది కానీ పానా తిరగలేదు. ఆయన ఏసీ గొట్టాలకు చుట్టే వెండిరంగు టేపు తీసి ఆ అతుకుకు నాలుగు చుట్లు చుట్టేశాడు. మా పనిలో అది మామూలే. ఏసీ గొట్టం అతుకు ఊడితే పోయేది చల్లగాలే. మహా అయితే మేనేజర్ తిడతాడు.

మా పనిలో ఇంకో అలవాటు ఉంది. బిగించడం అయ్యాక తలుపులు మూసి ఒకరు లోపల కూర్చోవాలి, గది ఎంతసేపట్లో చల్లబడుతుందో చూడాలి. ఎండాకాలంలో దానికోసం పోట్లాడుకుంటాం. ఆ వంకన బావ ఎన్ని ఆఫీసుల్లో కునుకు తీశాడో లెక్కలేదు. అందుకే ఆ రోజు కూడా హీటర్ వేసి, కేబిన్ తలుపు మూసుకుని లోపల కూర్చున్నాడు. నేను బయట గట్టు మీద నిలబడి పొగ వచ్చే రంధ్రం దగ్గర చెయ్యి పెట్టాను.

మొదట చెయ్యి కాలేంత వేడి తగిలింది. కాసేపటికి తగ్గింది. తర్వాత దాదాపు ఏమీ రాలేదు. హీటర్ మాత్రం గుర్రుమంటూనే ఉంది.

"బావా! ఆపు," అని అరిచాను. పలకలేదు. మళ్లీ అరిచాను. ఇక్కడ కూడా నిద్రపోయాడని ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే పడవ ఎక్కాను. అప్పుడు తట్టింది, పొగ బయటికి రావడం లేదంటే ఎక్కడికి పోతున్నట్టు?

తలుపు లాగాను. బావ పరుపు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చి బయట పడుకోబెట్టాను. నా అరుపులకు తెల్లాయన పరిగెత్తుకొచ్చి హీటర్ ఆపాడు. బావ కళ్లు తెరిచి, నన్ను ఎవరో అన్నట్టు చూసి, వాంతి చేసుకున్నాడు. అప్పటిదాకా ఆయన బతికే ఉన్నాడని నాకు నమ్మకం లేదు.

తెల్లాయన తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బావకు ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపించారు. ఆ మధ్యలో తెల్లాయనకు టేపు సంగతి మొత్తం చెప్పాను, వేడికి అది ఊడి, కంటికి కనబడని విషపు పొగ అరలోంచి కేబిన్‌లోకి వచ్చి ఉంటుందని. ఆయన కోప్పడలేదు. బావ ఒరిగిన ఆ పరుపు మీద రోజూ నిద్రపోయేది తన భార్యేనని మాత్రం అన్నాడు. మర్నాడు చెక్క పలక విప్పి, మూల వెడల్పు చేసి, గోడ వైపు కూడా క్లాంపు బిగించాను. ఈసారి తలుపు తెరిచే ఉంచాం, లోపల ఎవరమూ కూర్చోలేదు.

ఆసుపత్రి నుంచి క్యాంపుకు వచ్చిన సాయంత్రమే అక్క వీడియో కాల్ చేసింది. చెప్పొద్దని బావ కళ్లతోనే బతిమాలాడు.

"ఆయన మొకం గట్లున్నదేంది?" అంది అక్క.

"తలనొస్తున్నదే, పండుకుంటే తక్కువైతది," అన్నాడు బావ, నవ్వబోతూ. ఆ నవ్వు చూస్తే నాకు మొదటిసారి కోపం రాలేదు.

అక్క నా వైపు తిరిగింది.

"నువ్వున్నవు గద తమ్మీ. నాకేం రంది లేదు."

ఫోన్ బావ చేతిలో పెట్టి, గది బయటికి పోయి ఏడ్చాను.